పాప బొమ్మ

బర్మామైన్స్ కంపెనీ బస్తీ.

అక్కా, నా రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

నువ్వు పంపిన చవక మౌస్ అందింది. చక్రం కాస్త పట్టేస్తుంది, ఎడమ మీట గట్టిగా నొక్కాలి. పక్కింటి కంప్యూటరు మీద దానితోనే నేర్చుకుంటున్నాను.

ఇవాళ ఛార్జింగ్ పెడితే రంగురంగుల దీపాలు వెలిగాయి. అత్త చూసింది.

"ఏటే అది?"

"పాప బొమ్మ అత్తా."

"ఆడుకోనీ. రేపు కంపెనీ ఆఫీసుల నౌకరీ నాకొద్దని సంతకం పెట్టీ. పోయిన పెద్దోడి నౌకరీ మా సిన్నోడికి రావాల. సదువు లేనిదానివి, నువ్వేటి సేత్తావు?"

తలూపాను. ఆయన పోయినప్పటి నుంచి అన్నిటికీ తలూపుతున్నాను.

దీపాలు లేని మౌస్ అయితే దొరికిపోయేదాన్ని. అందుకే ఇది మంచిదే.

రేపు సంతకం పెట్టను. ఆ ఉద్యోగానికి పెట్టే కంప్యూటరు పరీక్షకు నేనే కూర్చుంటానని చెబుతాను.

ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్యి.