ఫ్రిజ్‌లో ఉత్తర ధ్రువం

"ఆ పెరుగు గిన్నె బయటికి తియ్యి," అన్నాడు ధనుంజయరావు.

"తీసి యాడ పెట్టమంటారు? ఈ ఎండకి సాయంత్రానికి పులిసి చస్తది."

"పులిస్తే మజ్జిగపులుసు పెట్టు. ఇది చస్తే నేనేం చేసుకోను?"

సుభాషిణి గిన్నె తీసింది. దాని చోట్లోకి ఓ గాజు గిన్నె వెళ్లింది. అందులో అరచేతి వెడల్పున పచ్చటి నాచు. దాన్ని అప్పుడే తడి జేబురుమాల్లోంచి విప్పి ఇచ్చి, వినయంగా పక్కన నిలబడ్డాడు ఫిరోజ్.

నరసరావుపేట కాలేజీలో ధనుంజయరావు దగ్గరే వృక్షశాస్త్రం చదివాడు. ఇప్పుడు ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఏదో పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. సెలవు మీద వస్తున్నానని ఫోన్ చేస్తే గురువుగారు కోరింది ఒకటే. "ఒరేయ్, చాక్లెట్లు వద్దు. అక్కడి నాచు కాస్త పట్టుకురా."

"బాబూ, ప్యాంటుకి ఆ తడేంది?" అడిగింది సుభాషిణి.

"మేడ మీద ఫోన్ మాట్లాడతా ఉంటే కాలు జారిందమ్మా. కింద సిగ్నల్ లేదు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? ట్యాంకు కుళాయి కారతంది, బాగు చేయించండని ఉగాది నుంచి మొత్తుకుంటన్నా. మంచు మీద జారని పిల్లోడు మనింట్లో జారాడు."

ఫిరోజ్ టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

ధనుంజయరావుకి నెలాఖరున రిటైర్మెంటు. సర్వీసంతా పాఠాలు చెప్పాడు గానీ సొంతంగా ఒక్క పరిశోధనా వ్యాసం రాయలేదు. ఆ ముల్లు లోపల గుచ్చుతూనే ఉంది. ధ్రువపు మొక్క వేడిని ఎట్లా తట్టుకుంటుందో గమనించి, వీడ్కోలు సభలో చదవాలని ఆయన పంతం.

"చలికి అలవాటు పడ్డ ప్రాణులకి వేడే యముడు," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "ధ్రువపు ఎలుగుబంటి కాస్త గట్టిగా పరిగెత్తితే చాలు, ఒళ్లు కాగిపోద్ది. అక్కడి చేపలకి నీళ్లు కొద్దిగా వెచ్చబడితే ఊపిరాడదు. మొక్కలు నేలని కరుచుకుని, ఉన్న కాస్త వెచ్చదనాన్నీ దాచుకుంటాయి. ఎండ ముదిరితే ఆ దాపరికమే వాటి కొంప ముంచుద్ది."

"మరి మన గోంగూరని తీసకపోయి అక్కడ పెడితే?"

"రెండ్రోజుల్లో నల్లబడి చస్తది. ఎవరి అలవాటు వాళ్లది. పప్పు వెయ్యి."

ఆ తర్వాత రెండు రోజులకి, ఆయన కాలేజీలో ఉన్నప్పుడు, సుభాషిణి కరివేపాకు కోసం ఫ్రిజ్ తెరిచింది. నాచు నల్లగా, జిగటగా ముద్దయిపోయి ఉంది.

కరెంటు పోయినప్పుడల్లా చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీసింది తనే. లోపలికి వేడి పోనిచ్చిందీ తనే. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న శీర్షిక ఒక్కటే కనబడుతోంది. ఆ కాగితం వంక కాసేపు చూసి, చెంచా పుచ్చుకుని మేడెక్కింది.

ట్యాంకు కుళాయి కింద నాచు పచ్చగా పట్టి ఉంది. అప్పటికే కొంత మేర ఎవరో గీకేసినట్టు బోసిగా ఉంది. కోతుల పని కాబోలు అనుకుని, ఆ పక్కన ఉన్నది గీకి గిన్నె నింపింది.

సాయంత్రం ధనుంజయరావు గిన్నె చూసి మురిసిపోయాడు. మర్నాటి నుంచి ప్రయోగం మొదలు. గిన్నెని వంటింట్లో పెట్టాడు, పొయ్యి పక్కన పెట్టాడు, చివరికి కిటికీలో పెట్టి నీళ్లు చిలకరించాడు. ఫ్రిజ్‌లో ఉంచితే వాడిపోతోంది, బయటికి తీస్తే కళకళలాడుతోంది.

"ఏమే, చూశావా! మంచులో పుట్టి పల్నాడు ఎండకి నవ్వుతంది! ఇది చానా పెద్ద విషయం."

పక్కింటి అక్తర్ బేగం తొంగి చూసింది. "అన్నా, మా బాత్రూం గోడ మీద గూడా ఇదే ఉందే."

"అది వేరే జాతమ్మా," అన్నాడాయన జాలిగా.

సుభాషిణి ఉల్లిపాయలు తరగడంలో మునిగిపోయింది. ఆ వారమే ఆయన సంతోషం పట్టలేక ట్యాంకు కుళాయి బాగుకి ప్లంబర్ని పిలిపిస్తే, "కారనీయండి, మొదట్లో తిక్క పుట్టేది గానీ ఇప్పుడు అలవాటైంది," అని వాకిట్లోంచే పంపించేసింది.

సభ రోజు హాలు నిండింది. గుంటూరు నుంచి ఓ పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. వ్యాసం విన్నాక నాచుని తన ల్యాబుకి తీసుకెళ్లి పరీక్ష చేయిస్తానని ముందే అన్నాడట. ఆ మాట చెవిన పడగానే సుభాషిణికి పట్టుచీరలో చెమటలు పట్టాయి. ముందు వరసలో కూర్చున్న ఫిరోజ్‌ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"బాబూ, అసలుది నీ దగ్గర ఇంకాస్త మిగిలిందా? చిటికెడున్నా చాలు. గిన్నెలో మార్చేద్దాం."

"అసలుదేందమ్మా?"

"నువ్వు తెచ్చింది ఫ్రిజ్‌లోనే చచ్చిపోయిందయ్యా. మీ సార్ మొహం చూళ్లేక నేనే వేరేది పెట్టా. ఇప్పుడా ల్యాబులో బయటపడితే, రిటైరయ్యే రోజున మనిషి పరువు పోద్ది."

ఫిరోజ్ మొహంలో రంగులు మారాయి. "వేరేదంటే... ఎక్కడిదమ్మా?"

"మా మేడ మీదిదే. ట్యాంకు కింద కోతులు గీకిన చోటుంది చూడు, దాని పక్కది."

లోపల మైకులో ధనుంజయరావు గొంతు గర్వంగా మోగింది. "ఈ మొక్కని ఖండాలు దాటించి తెచ్చిన నా శిష్యుడు ఫిరోజ్‌ని వేదిక మీదికి పిలుస్తున్నాను!"

హాలంతా చప్పట్లు. ఫిరోజ్ అడుగు కదల్లేదు.

"గీకింది కోతులు కాదమ్మా, నేను."