మూడు బిళ్లలు తక్కువ

నా రాత వంకరగా ఉంటుంది. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది. ఒక చిన్నపిల్ల కూర్చుని దిద్దింది. ఇంకా మిగిలిన తప్పులు నావే, మన్నించి చదవండి.

"మళ్లీ ఐదేనా?"

పెనం మీదకి వంగి చూసి అడిగింది ప్రిస్కిల్లా. పొయ్యి దగ్గరున్న వంటమనిషి అప్పాయమ్మ అట్లకాడ ఆపేసింది. గిన్నె అడుగున ముద్ద ఇంక లేదు.

"ఉన్నదంతా వేసేశానండి అమ్మగారు."

"సోమవారం నుంచీ ఇదే మాట. రోజూ బియ్యం గిన్నె పెట్టే చోటే, గ్లాసుతో గింజలు కొలిచి నేనే పెట్టి స్నానానికి వెళ్తున్నాను. దానికి ఎనిమిది రావాలి. దీవెనకి నాలుగు, తమ్ముడికి నాలుగు. ఆదివారం నేను చేస్తే ఎనిమిదొచ్చాయి. నీ చేతికి ఐదేంటి?"

అవి క్వినోవా బిళ్లలు. గింజల్ని నురగ పోయేదాకా కడిగి ఉడికించి, చిదిమిన బంగాళాదుంప, క్యారెట్ తురుము, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర కలిపి, కాస్త నూనెతో రెండు వైపులా కాలుస్తారు. పిల్లల బడి డబ్బాల్లో ఇక బిస్కెట్లు, చిప్సు ఉండకూడదని పట్టుబట్టి ప్రిస్కిల్లా ఆ ప్యాకెట్‌ని రాజమండ్రి నుంచి తెప్పించింది.

"కడిగేటప్పుడు జారిపోతున్నాయేమోనండి. జల్లెడలోనే కడుగుతున్నాను గానీ..." నసిగింది అప్పాయమ్మ.

బల్ల దగ్గర చిక్కుడుకాయలు తుంపుతున్న అత్తగారు సంపూర్ణమ్మ నవ్వింది. "మూడు బిళ్లల గింజలు జారితే ఈపాటికి సింకు పూడిపోదూ! ఆ మూల నీ సంచిలో ఏముంది?"

"నా సంచిలోనా అండీ?"

"నీదే. తియ్యి."

అప్పాయమ్మ కదల్లేదు. పనిలో చేరి రెండు వారాలైంది. ఇదే వీధిలో ఇంకో రెండిళ్లలో కూడా వంట చేస్తుంది. ఈ గుమ్మంలో దొంగ అనిపించుకుంటే ఆ రెండు గుమ్మాలూ మూసుకుంటాయి. ఆ సంగతి ఆ వంటింట్లో ముగ్గురికీ తెలుసు.

సంపూర్ణమ్మే లేచి సంచి తీసింది. లోపల చిన్న స్టీలు డబ్బా. మూత తీస్తే నాలుగు బిళ్లలు. అదే రంగు, అదే సైజు.

"చూశావా ప్రిస్కిల్లా! నేను చెప్పలే?"

"అయ్యో, అవి నూకలండి పెద్దమ్మగారూ! బియ్యపు నూకలు!" అప్పాయమ్మ గొంతు పెరిగింది. "మా మనవరాలు హేమశ్రీకి చేశాను. నా కొంగు వాసన చూసి, ఆ ఇంట్లో పిల్లలు తినేవి నాకూ చెయ్యమ్మమ్మా అందండి. ఆ గింజలు నేనెక్కడ తెస్తాను? నూకలు ఉడకబెట్టి చేశాను. వెళ్తూ వెళ్తూ బడి దగ్గర ఇద్దామని తెచ్చాను. తిని చూడండి."

ప్రిస్కిల్లా డబ్బా మీద చెయ్యి పెట్టింది. "చల్లగా ఉన్నాయి అత్తయ్యా."

"నిన్నటివై ఉంటాయి."

ప్రిస్కిల్లా ఒక ముక్క తుంపి నోట్లో వేసుకుంది. అదే అల్లం, అదే జీలకర్ర, అదే ఘాటు. మరో ముక్క తింది. "తెలియట్లేదు."

"తెలిసేటట్టు ఎవరమ్మా తీస్తారు?"

బయట స్కూల్ వ్యాన్ హారన్ కొట్టింది. ప్రిస్కిల్లా ఐదు బిళ్లలనీ రెండు డబ్బాల్లో గబగబా సర్దుతూ, తలెత్తకుండా అంది. "రేపట్నుంచి రావద్దులే అప్పాయమ్మా."

"పక్కిళ్లవాళ్లు ఎందుకు మానిపించారని అడిగితే నేను మాత్రం అబద్ధం చెప్పను," అంది సంపూర్ణమ్మ.

"ఆ మాట అనకండి పెద్దమ్మగారూ! మీకు పుణ్యముంటుంది!"

అప్పాయమ్మ అటూ ఇటూ చూసింది. గట్టు చివర, మూత మీద సిలువ గుర్తున్న డబ్బా ఉంది. రోజూ పిడికెడు చొప్పున తీసిపెట్టి నెలాఖరున చర్చికిచ్చే బియ్యం అందులో ఉంటాయి. అన్నీ తుడువు, దాన్ని మాత్రం ముట్టుకోకు అని చేరిన రోజే చెప్పారు. ఇప్పుడు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది మీ దేవుడిదన్నారు కదండీ. దీన్ని పట్టుకుని చెప్తున్నాను. మీ ఇంటి గింజ ఒక్కటి కూడా నేను..."

"ముట్టుకోకు దాన్ని!"

సంపూర్ణమ్మ డబ్బాని లాగింది. అప్పాయమ్మ వదల్లేదు. మూత ఎగిరి పడింది. గింజలు గట్టు మీద నుంచి నేల దాకా జారాయి. ముందు క్వినోవా వచ్చింది, లేత పసుపు రంగులో, సన్నగా, గుండ్రంగా. దాని వెనకే తెల్లటి బియ్యం.

అప్పాయమ్మ డబ్బా వదిలేసి వెనక్కి జరిగింది.

"ఇదీ సంగతి!" సంపూర్ణమ్మ వేలు చూపించి అరిచింది. "రోజూ తీసి ఇందులో దాచి, వీలు చూసుకుని పట్టుకెళ్దామనుకుంది! దేవుడి డబ్బాలో దాచింది, ఎంత ధైర్యం! ఇప్పుడు చెప్పవే, ఇందులో ఇవి వేసిందెవరు?"

లంచ్ డబ్బా కోసం ఒంటికాలి బూటుతో వచ్చిన దీవెన నేల మీది గింజల్ని చూసింది, నానమ్మని చూసింది.

"నువ్వే కదా నానమ్మా! రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ, అమ్మ పెట్టిన ఆ గిన్నెలోంచి పిడికెడు తీసి ఇందులో వేస్తావు!"

దిద్దింది: హేమశ్రీ, మూడో తరగతి.
రాసింది: సంపూర్ణమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది సామర్లకోటలో, ఆ వంటింటి పక్క గదిలోనే.