నాలుగు సెంటీమీటర్ల ఎత్తు

"నీ బండి ముక్కు నేలను చూస్తున్నది తమ్మీ," అన్నాడు తిరుపతయ్య, కొలిచిన టేపు చుట్టేస్తూ. "ముంగట ఎనబై ఎనిమిది. ఎనుక తొంబై రెండున్నర."

అబ్దుల్ కరీమ్ ఆ సెంటీమీటర్లు ఫోన్‌లో రాసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, రాసుకోకపోతే నిద్ర పట్టదు.

"పికప్ అంటేనే గంత. ఎనుక బరువెక్కుతదని ఎత్తుగ పెడ్తరు. నువ్వేమన్న బరువులు మోస్తవా?"

"నేనేం మోస్తానన్నా? ఒక్కణ్ణే కదా."

"అయితే లెవెలింగ్ కిట్ ఏద్దాం. ముంగటి స్ప్రింగుల మీద చెరొక బిళ్ల పెడితే సమానమైతది."

జర్మనీలోని ఎర్లాంగెన్ ఊరి చివర, పికప్‌లూ వ్యాన్లూ మాత్రమే బాగుచేసే షెడ్డు అది. ఓనరు జర్మన్. శనివారం మధ్యాహ్నం దాకా తిరుపతయ్య ఒక్కడే ఉంటాడు. అరవై ఏళ్ల కరీంనగర్ మనిషి. గల్ఫ్‌లో కొన్నాళ్లు చేసి ఇటు వచ్చేశాడు.

మొన్న వేసవిలో కరీమ్ సైకిల్ మీద అటుగా పోతుంటే, షెడ్డులోంచి ఎవరో బిగుసుకుపోయిన నట్టును తెలుగులో తిడుతున్నారు. అమ్మా ఆలీ ఏదీ వదలకుండా తిడుతున్నారు. ఆ తిట్లు కరీమ్ చెవికి ఎంత హాయిగా ఉన్నాయో! సైకిల్ దిగి అరగంట మాట్లాడి, పని చెడగొట్టానని సారీ చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి నెలలో ఈ పాత పికప్ కొన్నాడు. అమ్మిన రైతే బండి తెచ్చి షెడ్డులో పెట్టి, కాగితాలు చేతికిచ్చి పోయాడు.

కరీమ్‌కు నలభై ఒకటి. సొంతూరు హైదరాబాద్. పెళ్లి అయింది, తలాకూ అయింది. శుక్రవారం ఐదింటికి లాప్‌టాప్ మూస్తే సోమవారం తొమ్మిదింటి దాకా నోరు తెరిచే పనే ఉండదు. ఊళ్లో తెలుగు స్టూడెంట్లు బోలెడుమంది. కనిపిస్తే, "అంకుల్, ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్ ఎలా దొరుకుద్ది?" అంటారు. ఇంటి అడ్రసు నమోదుకు అపాయింట్‌మెంట్ అన్నమాట. చెప్పగానే థాంక్సని మాయమైపోతారు. ఒక వారాంతం మొత్తానికీ కరీమ్ మాట్లాడింది సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గరే. హాలో, కార్డు, వెళ్తూ చ్యూస్. అంతే, పాపం.

అందుకే శనివారం తెల్లవారిందంటే సైకిలెక్కి షెడ్డుకు చేరేవాడు.

మొదటి వారం బిళ్ల రబ్బరుదా అల్యూమినియందా అన్న చర్చతో గడిచింది. "రబ్బరు ఎండకు చస్తది," అని తిరుపతయ్య తేల్చేశాడు. రెండో వారం ఎత్తు సంగతి. కరీమ్ ఐదు సెంటీమీటర్లు అన్నాడు. "ఐదు పెడితే ముక్కెత్తుకొని ఆకాశం చూస్తది. నాలుగు చాలు," అన్నాడు తిరుపతయ్య. మూడో వారం ట్యూఫ్ కాగితాలు. ఈ దేశంలో బండికి బిళ్ల అతికించాలన్నా తనిఖీవాళ్ల ముద్ర కావాలి మరి.

నాలుగో వారం కిట్ రాలేదట. ఐదో వారం పార్సెల్ ఎటో పోయిందట. ఆరో వారం వచ్చింది కానీ బోల్టులు తక్కువయ్యాయట.

"ఏందన్నా ఇది! ఇంకెన్ని వారాలు తిప్పుతావు?" అని కరీమ్ కసురుకునేవాడు. కసురుకుంటూనే తెచ్చిన ఖట్టీ దాల్ డబ్బా మూత తీసేవాడు. ఇద్దరూ పాత టైర్ల మీద కూర్చుని తినేవాళ్లు. బండి పని అయిపోయిన రోజు ఈ శనివారాలూ అయిపోతాయి. అది గుర్తొస్తే కరీమ్ ఇంకా నెమ్మదిగా తినేవాడు.

ఏడో శనివారం వెళ్లేసరికి ముందు చక్రాలు ఊడదీసి ఉన్నాయి. తిరుపతయ్య తల ఎత్తలేదు.

"తమ్మీ, ఒకటి చెప్త. కోపం చెయ్యకు. కిట్ మూడోవారమే అచ్చింది. బోల్టులు కూడా సరిపోను ఉన్నయ్."

"మరి?"

"ఏస్తే నువ్వు బండి తోలుకపోతవు. మళ్ల ఎందుకస్తవు? మా ఇంటామె సచ్చిపోయినంక నాతోని గింతసేపు కూసున్నోడు లేడు." కింద పడున్న నట్టు ఏరుకున్నాడు. "నిన్న ఓనరు మీదికొచ్చిండు. ఇయ్యాల జాగ ఖాళీ చెయ్యాల్నంట."

కరీమ్‌కు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. దాచుకోవడానికి స్పానర్ అందుకున్నాడు.

ఇద్దరూ కలిసి పని కానిచ్చారు. బిళ్లలు కూర్చున్నాయి, బోల్టులు బిగిశాయి, చక్రాలెక్కాయి. తిరుపతయ్య చక్రాల అలైన్‌మెంట్ చూసి, హెడ్‌లైట్లు కాస్త కిందికి దించాడు. మళ్లీ టేపు పెట్టాడు. ముందు తొంభై రెండు. వెనుక తొంభై రెండున్నర.

"బరాబర్!" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. "సోమవారం ట్యూఫ్ టెర్మిన్. టైముకు తోలుకపో. ఇగ నీకు నాతోని పనిలేదు."

తాళం చేతిలో పెట్టి అటు తిరిగిపోయాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

కరీమ్ బండెక్కి తలుపు వేసుకున్నాడు. ఒక నిమిషమైంది. ఐదు నిమిషాలైంది. ఇంజన్ చప్పుడు లేదు.

తిరుపతయ్య కిటికీ దగ్గరకొచ్చాడు. "ఏమైంది తమ్మీ? స్టార్ట్ అయితలేదా?"

కరీమ్ తన కాళ్ల దగ్గరున్న మూడు పెడళ్ల వంక చూశాడు. తర్వాత తల ఎత్తి, సిగ్గుపడుతూ అడిగాడు.

"అన్నా, వీటిలో బ్రేకు ఏది?"