మందు వేయని బావి

తాగే నీళ్లతో ఒంట్లోకి చేరి, కాలు చీల్చుకుని దారంలా బయటికొచ్చే నారిపురుగు మీద డాక్టరు వామనరావు పదేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. 1939లో మొయినాబాదు దిగుడుబావిలో మందు వేయించాడు. చేవెళ్ల పక్కనున్న చిన్న ఊళ్లో మాత్రం, పోల్చి చూడడానికని, బావిని అలాగే వదిలేశాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకు చూస్తే జబ్బు రెండుచోట్లా ఒకేలా తగ్గింది. ఇక తన మందును ఎవరు నమ్ముతారు? ఆ ఊరి బడి పంతులమ్మ ప్రేమమ్మ ఎదుట తల పట్టుకుని కూర్చున్నాడు.

"మీ బావిలో మందే వేయలేదు. జబ్బెలా తగ్గిందమ్మా?"

"మొయినాబాదు బావిల మందేసి మా బావిల వేయకపోతిరి. మమ్ముల వదిలేసిన్రని అప్పుడే నాకు సమజైంది డాక్టర్ సాబ్. నీళ్లు బట్టల వడగట్టుకొని తాగుండ్రని ఇల్లిల్లు తిరిగి చెప్పిన."

"నాకొక్క మాట చెప్పకపోయావా! నా పదేళ్ల కష్టం..."

"మీరు మాకు చెప్పిన్రా?"

వామనరావు తల పట్టుకున్న చేతులు దించాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"వడగడితే చాలని నీకెవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే సాబ్. మా ఊరికొచ్చిన ప్రతిసారి, మీరు తాగే నీళ్లు మీరు వడగట్టుకునే తాగుతరు గద. చూసి నేర్చుకున్న."