సారు కోరపన్ను

సారు కోరపన్ను విరిగింది. భయం మాత్రం కానిస్టేబుల్‌కి పట్టుకుంది.

నెలాఖరున ఫిట్‌నెస్ పరీక్ష. నోరు సరిగ్గా లేనివాళ్ళకి వాళ్ళ విభాగంలో పని లేదు. తప్పితే సారుని ఇంటికి పంపేస్తారు. కానిస్టేబుల్‌ని మళ్ళీ కూడలిలో నిలబెట్టి ఈల ఊదుకోమంటారు. పొగ, దుమ్ము, లారీవాళ్ళ తిట్లు. అవైనా ఓర్చుకోవచ్చు. సారు పక్కన లేకుండా డ్యూటీ ఎలా చెయ్యాలో అతను ఎప్పుడో మరిచిపోయాడు.

భార్యది వేరే గోల.

"నాకు పన్ను పోటెత్తితే లవంగం పెట్టుకుని పడుకోమన్నారు. ఆయనకైతే డాక్టరా?"

"సారుకి నోరే కదే ఉద్యోగం!"

"నాకు మాత్రం నోరు లేదా?"

ఉందని అతనికి బాగా తెలుసు. బూట్లు తొడుక్కుని బయటపడ్డాడు.

జీపులో కిటికీ పక్క సీటు సారుది. అద్దం దింపించి, మొహానికి గాలి తగలనిస్తూ, రోడ్డంతా తన సొంతమన్నట్టు కూర్చున్నారు. ఆసుపత్రి వరండాలో బెంచీల మీదున్న జనం సారుని చూడగానే లేచి గోడకి అతుక్కుపోయారు. సారు ఎవరినీ పలకరించలేదు. పెద్ద హోదా అంటే అంతే మరి.

పళ్ళ డాక్టరు నవ్వుతూనే లోపలికి పిలిచాడు. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకున్నాడు. అంతకుముందు సారు నోరు చూసిన ఇంకో డాక్టరు వేలికి కట్టుతో తిరుగుతున్న సంగతి అతని దాకా వచ్చింది.

"పేషెంటు పేరు?"

"సారు అనే అంటామండి. నాకన్నా ఒక మెట్టు పైన. గొంతు పెంచితే నాకు మెమో వస్తుంది."

"ఎలా విరిగింది?"

"దొంగని అందుకోబోతే గేటు తగిలిందండి."

"సరే, మీ సారుని నోరు తెరవమనండి."

కానిస్టేబుల్ సారు చెవిలో ఏదో చెప్పాడు. సారు తీరిగ్గా తెరిచారు. డాక్టరు టార్చి వేసి, వాసనకి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పళ్ళు తోముకుంటారా అసలు?"

"నేనే తోముతానండి. ఆయన ఒప్పుకున్న రోజున."

డాక్టరు మళ్ళీ వంగి చూశాడు. "వేరు గట్టిగానే ఉంది. పీకక్కర్లేదు. లోపల నరం చచ్చింది, శుభ్రం చేసి మూసేస్తాను. అలా మూసిన పన్ను ఎండుపుల్లలా పెళుసుగా ఉంటుంది. ఒక్క గట్టి కొరుకుడుకి చీలిపోతుంది. అందుకే పైన తొడుగు. చుట్టూ కాస్త అరగదీసి, అచ్చు తీసి పంపితే ల్యాబువాళ్ళు చేసిస్తారు. రెండోసారి వచ్చినప్పుడు అతికించడమే."

"నొప్పి?"

"పూర్తి మత్తు ఇప్పిస్తాను. ఆయనకీ మంచిది, నా వేళ్ళకీ మంచిది. తర్వాత రెండ్రోజులు చిగురు సలుపుతుంది, అంతే. పన్ను రంగు తొడుగు అందంగా ఉంటుంది గానీ, మీ సారు వాడకానికి పెచ్చులూడిపోతుంది. లోహానిదే వేద్దాం."

"మెరుస్తుందాండి?"

"మెరుస్తుంది."

"మెరవాలండి. చూసినవాడు చూసినచోటే కూలబడాలి."

"ఒక్కటి. కొన్నాళ్ళు బొమికలు మానాలి."

కానిస్టేబుల్ మొహం వాడిపోయింది. "ఆ ముక్క మీరే చెప్పండి డాక్టరుగారూ. నేను చెబితే నా మొహం చూడరు."

డాక్టరే చెప్పాడు. సారు అతని వంక అదోలా చూశారు. డాక్టరు చేతులు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి.

తొడుగు వచ్చింది, అతికింది. కానిస్టేబుల్ భార్య సణుగుతూనే రోజూ మెత్తగా ఉడికించి పంపింది. చిగురు సలుపు తగ్గింది. సారు అలక తగ్గలేదు.

పరీక్ష రోజు మైదానంలో పెద్ద అధికారి సారు పెదవి కింద మెరుపు చూసి మొహం చిట్లించాడు.

"అతికించిన పన్నుతో ఏం ఉద్యోగం చేస్తారయ్యా? ఊడితే?"

"ఊడితే ఆయనతో పాటు నన్నూ పంపించెయ్యండయ్యా."

అధికారి నవ్వలేదు. మైదానం ఆ చివర ఒక మనిషిని నిలబెట్టించి, కానిమ్మన్నాడు. కానిస్టేబుల్ చెమట తుడుచుకుని, వంగి, సారు చెవిలో చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పాడు.

సారు నాలుగు కాళ్ళూ నేలకి ఆనీ ఆననట్టు దూసుకెళ్ళి, ఆ మనిషి చేతికి చుట్టుకున్న మందపాటి గోనెపట్టాని కొత్త పన్నుతో కరిచి పట్టుకుని, ఎంత లాగినా వదలకుండా వేలాడుతూనే, ఎలా ఉంది అన్నట్టు కానిస్టేబుల్ వైపు చూసి తోక ఊపారు.