వీపు వెనక ఏముందో

“ఎవరూ వెనక్కి తిరగొద్దు. తెడ్లు వెయ్యండి,” అన్నారు మాస్టారు. ఆయన గొంతు వణికింది.

లైబ్రేరియన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. వేసవి సెలవుల్లో తిమింగలాల వేట సాహిత్యం చదువుకుందామని ఈ సముద్రం ఒడ్డున మాస్టారు నడిపే క్లాసులో చేరిన మనిషి ఆవిడ. పుస్తకంలో ఎన్ని పడవలు మునిగినా దుప్పటి కప్పుకుని హాయిగా చదివేది. మాస్టారికేమో చదివింది అనుభవంలోకి రావాలని పట్టుదల. వేటపడవలో తెడ్డు వేసేవాళ్లు తిమింగలానికి వీపు పెట్టి కూర్చునేవారు. చూస్తే చేతులాడవు కనక తల తిప్పడానికి వీల్లేదు. ముందు ఏముందో చుక్కాని పట్టినవాడే చూడాలి, మిగతావాళ్లు అతని ముఖం చూడాలి. అచ్చం అలాగే మాస్టారు చుక్కాని పట్టారు. ఆవిడ ఆయనకెదురుగా కూర్చుంది. తక్కిన ముగ్గురు విద్యార్థులూ ఆవిడ వెనక. పాతకాలం వేటగాళ్లకు లైఫ్ జాకెట్లు లేవట, అందుకని వీళ్లకీ లేవు.

ఆవిడకు ఈత రాదు. నిన్న క్లాసులో మాస్టారు, ఈత వచ్చినవాళ్లే పడవెక్కుతారు, చేతులెత్తండి అన్నారు. ముందు బెంచీలో ఉన్న ఆవిడకు వెనక ఏదో అలికిడి వినిపించింది. అందరూ ఎత్తేసినట్టున్నారు, ఈ వయసులో నలుగురిలో నామోషీ ఎందుకని తనూ ఎత్తింది. ఆ చెయ్యి నరికేసుకున్నా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

మాస్టారి చూపు ఆవిడ తల మీదుగా పడవ ముక్కు దగ్గరే అతుక్కుపోయింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఉన్నట్టుండి చుక్కాని బలంగా తిప్పారు. ఇంతసేపూ కళ్లెదుట కనిపించిన ఒడ్డు పక్కకు జరిగి మాయమైంది. ఇప్పుడు ఎటు చూసినా నీళ్లే. ఇంత పుస్తకాల పిచ్చి ఎవరికి కావాలని తనను తనే తిట్టుకుంది.

“ఏముంది మాస్టారూ అక్కడ?”

“ఏం లేదమ్మా. వెయ్యి, ఆపకు.”

చల్లగా ఏదో పాదాలకు తగిలింది. కిందికి చూస్తే నీళ్లు. చూస్తుండగానే చీలమండలు మునిగాయి.

ఇక దాచి లాభం లేదనుకున్నట్టు మాస్టారు చుక్కాని వదిలేశారు. పడవ ముక్కు దగ్గర చెక్క ఊడిందని, ఒడ్డుదాకా ఈ పడవ రాదని చెప్పారు. తర్వాత రెండు చేతులతో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

“నన్ను వదలకమ్మా. నాకు ఈత రాదు. మీ నలుగురికీ వచ్చన్న ధైర్యంతోనే ఎక్కాను.”

ఆవిడ నియమం సంగతి మరిచి గిర్రున వెనక్కి తిరిగింది. ముగ్గురూ తెడ్లు వదిలేసి ఆవిడవైపే చూస్తున్నారు.

“మీరు చెయ్యెత్తారనే మేమూ ఎత్తాం మేడమ్.”