గేరు చెయ్యి

"ఆయనకు మాత్రం చెప్పకండమ్మా," అంది ఫిజియోథెరపిస్టు మేబెల్, గొంతు తగ్గించి. "రెండు చేతులూ కలిపి లేపమంటాను. లేచేది కుడిచెయ్యి ఒక్కటే. బొమ్మలు చూపించే ఈ కళ్లజోడులో మాత్రం రెండూ లేచినట్టు కనిపిస్తాయి. మెదడును అలా మభ్యపెట్టాలి."

"అంటే, అబద్ధం చెప్పుడేనా?" దేవమ్మకు మనసొప్పలేదు.

"ఎడమ భుజంలో కాస్త జీవం వచ్చింది. ఇక లేవదని ఆయనే ప్రయత్నం మానేశారు. అందుకే ఈ తిప్పలు."

పద్మారావు నగర్‌లోని ఆ క్లినిక్‌లో దేవమ్మ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. మూడు నెలల కిందటి దాకా ఆమె భర్త భద్రయ్య సాఫ్ట్‌వేర్ పిల్లలను సైనిక్‌పురి నుంచి హైటెక్ సిటీకి చేరవేసే క్యాబ్ డ్రైవరు. పక్షవాతం వచ్చి, గేరు మార్చే చెయ్యే పడిపోయింది.

మేబెల్ ఆయన కళ్లకు ఆ లావుపాటి కళ్లజోడు తొడిగింది. "ఎదురుగా జామచెట్టుంది అంకుల్. రెండు చేతులా కాయలు తెంపండి."

కుడిచెయ్యి గాలిలోకి లేచింది. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది.

"ఏమే, సూస్తున్నవా? నా ఎడమచెయ్యి లేస్తున్నదే! కాయ సుత అందింది!"

"ఆ... సూస్తున్న," అంది దేవమ్మ. ఆ మాట అనడానికి ఆమె ప్రాణం ఉసూరుమంది.

భద్రయ్య గోరంత దొరికితే కొండంత చేసుకునే మనిషి. "ఓనర్‌కు ఫోన్ కొట్టు. సోమవారం డ్యూటీ షురూ చేస్తనని చెప్పు. బండి ఇంకెవనికీ ఇయ్యొద్దను."

"జెర ఆగు. గంత తొందరేంది?"

"ఆగుడేంది? నువ్వు కొడ్తవా, నన్ను కొట్టమంటవా?"

దేవమ్మ ఆయన ఒళ్లోని ఎడమచేతిని చూసింది. నలుగురు పిల్లల్ని ఎక్కించుకుని, లేని చేతిని నమ్ముకుని ఈయన రోడ్డెక్కితే? ఎవరు కన్న బిడ్డలో వాళ్లు! వద్దని మేబెల్ సైగ చేస్తూనే ఉంది. దేవమ్మ ఒక్క ఉదుటున వెళ్లి, గాలిలో ఆడుతున్న ఆయన కుడిచేతిని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది.

"అది నీ చెయ్యి గాదయ్యా! ఉత్త బొమ్మ! ఇది ఆడితే అది ఆడినట్టు సూపెడ్తున్నరు. నీ ఎడమచెయ్యి ఒళ్లనే ఉన్నది!"

భద్రయ్య బిగుసుకుపోయాడు. "అబద్ధం!"

"నీ మీద ఒట్టు."

"అందరు గల్సి నన్ను పాగల్‌గాణ్ని చేస్తున్నరా? ఇడువు!"

"ఇడువ. బండి తియ్యనని చెప్పేదాంక ఇడువ." దేవమ్మ కళ్లు గట్టిగా మూసుకుని పట్టు ఇంకా బిగించింది.

భద్రయ్యకు కోపం నషాళానికంటింది. కళ్లజోడును నెత్తిమీదికి ఒక్క తోపు తోసి, భార్యను కొరకొరా చూశాడు.

మేబెల్ చిన్నగా కేక పెట్టింది. ఏమైందోనని దేవమ్మ కళ్లు తెరిచింది.

కళ్లజోడు ఆయన నెత్తిమీదికి ఎక్కింది; కుడిచెయ్యి మాత్రం ఇంకా ఆమె రెండు చేతుల మధ్యే ఉంది.